నాలుక లేని గంట

అనగనగా మొగలిదుర్గమనే రాజ్యం. దానికి సౌమ్యసేనుడని ఒక రాజు. చాలా మంచివాడు. చీమ ఎదురొచ్చినా పక్కకి తొలిగి దారిచ్చేవాడు. గొడవంటే మాత్రం ఆయనకి గిట్టదు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, తల పట్టుకుని అంతఃపురంలోకి వెళ్ళిపోయేవాడు. అంత మంచి రాజు వల్ల ఎంత ఘోరం జరిగిందో వినండి. వింటే మీకు ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా.

ఆ రాజుకి ముగ్గురు కూతుళ్ళు. పెద్దమ్మాయి హేమలత, నడిపమ్మాయి పుష్పలత, చిన్నమ్మాయి విద్యుల్లత. హేమలత ఎవరేమన్నా నవ్వి ఊరుకునేది. పుష్పలత ఎవరేమన్నా ఏడ్చి ఊరుకునేది. విద్యుల్లత మాత్రం ఊరుకునేది కాదు. కోపం వచ్చిందంటే ముక్కుపుటాలు అదిరేవి, చేతిలో ఉన్నది వెళ్ళి గోడకి తగిలేది. దాసీలు చాటుగా ఆమెని మిరపమొగ్గ అని పిలుచుకునేవాళ్ళు.

మొగలిదుర్గం కొలువులో ఒక కంచు గంట వేలాడేది. రాజుగారి తాత పెట్టించిన గంట. రాజ్యంలో పెద్ద మాట ఏదొచ్చినా దాన్ని మూడుసార్లు కొట్టాలి. మూడో గంట మోగేలోపు కాదనేవాళ్ళు లేచి కాదనాలి. మూడో గంట మోగిందా, అది అందరి మాట. ఇక రాజు కూడా దాన్ని తిప్పలేడు. తాతగారి కాలంలో మొదటి గంట పొద్దున్నే కొట్టేవాళ్ళు, రెండో గంట మధ్యాహ్నం కొట్టేవాళ్ళు, మూడో గంట పొద్దు వాలాక కొట్టేవాళ్ళు. ఆ మధ్యలో జనం తిట్టుకునేవాళ్ళు, అలిగేవాళ్ళు, ఇళ్ళకి పోయి అన్నం తిని మళ్ళీ వచ్చి ఇంకో నాలుగు మాటలు అనుకునేవాళ్ళు. పొద్దు వాలేసరికి ఎవరి కడుపులో ఏముందో అందరికీ తెలిసిపోయేది.

ఆ గోల మన సౌమ్యసేనుడికి పడలేదు. గద్దెనెక్కిన ఏడాదే పద్ధతి మార్చేశాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఒక్క గుక్కలో మూడు గంటలూ అయిపోయేవి. "చూశారా, ఎంత ప్రశాంతంగా ఉందో మన కొలువు!" అని మురిసిపోయేవాడు. కొలువులో అందరూ చిత్తం అనేవాళ్ళు. ఇంకేమంటారు? అనే వ్యవధి ఏదీ?

ఇలా ఉండగా మూడేళ్ళపాటు ఆ రాజ్యంలో వాన చినుకు పడలేదు. బావులు ఎండాయి, గడ్డి ఎండింది, ఆవుల డొక్కలు ఎండాయి. అప్పుడు దిగబడ్డాడు ధూమకేశుడనే మాంత్రికుడు, మోకాళ్ళదాకా జడలు, వేలికో ఉంగరం.

"రాజా, పన్నెండేళ్ళు వాన కురిపిస్తాను. మీ పెద్దమ్మాయిని నాకిచ్చి పంపండి," అన్నాడు. "బలవంతమేమీ లేదు సుమా. మీ అందరికీ ఇష్టమైతేనే."

మంచితనం కాదది, వాడి మంత్రానికున్న కట్టు అంతే. అందరూ కలిసి ఇచ్చినదాన్నే వాడు పట్టుకుపోగలడు. ఒక్కరు కాదన్నా వాడి మంత్రం పారదు.

మాంత్రికుడు కొలువుకి వస్తున్నాడని ముందే తెలిసి ఆ రోజు పొద్దున్నే సౌమ్యసేనుడు చిన్న కూతురి గది గుమ్మంలో నిలబడి, "తల్లీ, ఇవాళ ఒక్కరోజు కొలువులో నోరు మెదపకు. నీకు పుణ్యముంటుంది," అని బతిమాలాడు. తండ్రి అలా బతిమాలితే ఏ కూతురు కాదనగలదు? విద్యుల్లత పెదవి కొరుక్కుని కూర్చుంది. మాంత్రికుడి మాట వినగానే ఆమె ముక్కుపుటాలు అదిరాయి. అక్క వైపు చూసింది. హేమలత నవ్వుతోంది. అక్కకి ఇష్టమే కాబోలు, మధ్యలో నేనెవరిని అనుకుంది విద్యుల్లత.

ఠంగ్, ఠంగ్, ఠంగ్.

మూడో గంట మోత ఆగకముందే ధూమకేశుడు విరగబడి నవ్వాడు. "ఇప్పటికి నా తోటలో తొంభైతొమ్మిది మంది పెళ్ళాలు బంగారు బొమ్మలై నిలబడి ఉన్నారు. మూడో పున్నమికి, చంద్రుడు పైకి రాగానే, ఇది నూరో బొమ్మ!" అని ఒక నల్లమబ్బు పిలిచి, హేమలతని దానిమీద ఎక్కించుకుని ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు.

బయట వాన మొదలైంది. మూడేళ్ళుగా ఎదురుచూసిన వాన. ఒక్కరూ బయటికెళ్ళి తడవలేదు.

విద్యుల్లత లేచింది. "నాన్నగారూ, అక్కని వాడికివ్వడం మీకిష్టమేనా?" అని అడిగింది.

"నాకా? నా గుండె కోసేసినట్టుంది తల్లీ. మహామంత్రి ఒప్పుకున్నారు కదా, ప్రజల మేలు ఆయనకి బాగా తెలుసు కదా అని..."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను ప్రభూ?" అన్నాడు మహామంత్రి తెల్లబోయి. "సేనాధిపతి తల ఊపారు. సరే, సైన్యమంతా కోరుతోంది కాబోలు అనుకున్నాను."

"నేను తల ఊపలేదండీ. ఈగ వాలితే విదిలించుకున్నాను," అన్నాడు సేనాధిపతి. "మహారాణిగారు పల్లెత్తు మాట అనలేదు. కన్నతల్లికే లేనిది నాకెందుకని ఊరుకున్నాను."

"హేమ నవ్వుతోందిగా! దాని మనసు పడిందేమోనని నోరు కట్టేసుకున్నాను," అని రాణిగారు గొల్లుమంది. పుష్పలత అప్పటికే ఏడుస్తోంది.

విద్యుల్లత కళ్ళు ఎర్రబడ్డాయి. "అంటే ఇంతమందిలో ఒక్కరికీ ఇష్టం లేదు! ఒక్కరికీ ఇష్టం లేని పని అందరూ కలిసి చేశారు! దొంగ వచ్చి ఎత్తుకుపోతే దొంగని తిట్టుకోవచ్చు. మనమే చేతులారా ఎక్కించి పంపాం. సిగ్గుందా మనకి?"

"అలా అరవకు తల్లీ. మూడో గంట మోగింది. అది అందరి మాట," అని రాజు తల పట్టుకున్నాడు.

"ఎవరి మాట? ఆ అందరూ ఎవరో ఒక్కరిని చూపించండి!"

విద్యుల్లత గద్దె మీదికి ఎక్కి, గంట లోపలికి చెయ్యి పెట్టి, వేలాడే కంచు నాలుకని రెండు చేతులా పట్టుకుని ఊడబీకింది. "నేను అక్కని తీసుకొచ్చేదాకా ఈ కొలువు ఇంకే మాటా తేల్చడానికి లేదు," అని దాన్ని కొంగున ముడేసుకుని, ఒక మూటలో అటుకులు కట్టుకుని వానలో నడిచి వెళ్ళిపోయింది. ఆమెకి తండ్రి మీద కోపం, మంత్రి మీద కోపం, తల్లి మీద కోపం. అందరికంటే ఎక్కువ తన మీద కోపం. మిగతావాళ్ళు ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు. తను విప్పగలిగీ మూసుకుంది.

నడిచింది, నడిచింది, నడిచింది. ఒక అడవి దాటింది, రెండడవులు దాటింది, ఆరడవులు దాటింది. ఏడో అడవిలో ఒక బండని పట్టుకుని ఉన్న ఉడుము ఆమెని చూసి, "వద్దు," అంది.

"ఏది వద్దు?"

"నువ్వెళ్ళే దారి వద్దు."

"నాకు వద్దని చెప్పడానికి నువ్వెవరు? నేను వెళ్ళేది మా అక్క కోసం!" అని విద్యుల్లత విసవిసా ముందుకు నడిచింది. పదడుగులు వేసిందో లేదో నడుం దాకా ఊబిలో దిగబడింది. ఉడుము తీరిగ్గా వచ్చి, ముందరి కాళ్ళతో గట్టుని పట్టుకుని, తోక ఆమెకి అందించింది. ఉడుంపట్టు సంగతి మీకు తెలిసిందే. ఆ తోక పట్టుకుని విద్యుల్లత పాకుతూ గట్టెక్కింది.

"అక్కడ ఊబి ఉందని ముందే చెప్పొచ్చుగా?" అని అరిచింది, ఒంటినిండా బురదతో.

"ఎందుకు వద్దని నువ్వడిగితే చెప్పేవాణ్ణి," అంది ఉడుము. ఆ ఉడుము ఆమె మూటమీద ఎక్కి కూర్చుంది. దిగమన్నా దిగలేదు.

మొదటి పున్నమి దాటింది. సముద్రపు ఒడ్డుకి వచ్చేసరికి అక్కడ ఒక గండభేరుండ పక్షి. ఒక ఒళ్ళు, రెండు తలలు. రెక్కలు విప్పితే ఊరికి నీడ పడేంత పక్షి, ఎముకల గూడులా చిక్కిపోయి కూర్చుంది. ఎడమ తల తూర్పుకి పోదామంటుంది. కుడి తల దక్షిణానికి పోదామంటుంది. రెండు దారులూ ఏడు సముద్రాల అవతలికే పోతాయి, అయినా పన్నెండేళ్ళుగా అదే పోట్లాట. ఎగిరింది లేదు, తిన్నది లేదు.

విద్యుల్లతకి సహనం ఎక్కడిది? "చాలించండి! ఏడు సముద్రాల అవతల మా అక్క ఉంది. తూర్పుకే పోదాం. కాదనేవాళ్ళున్నారా? లేరా? లేరు! లేవండి!" అంది.

ఎడమ తల సరేనంది. కుడి తల కళ్ళు దించుకుని ఊరుకుంది.

"వద్దు," అంది ఉడుము. "ఆ రెండో తల ఒప్పుకోలేదు."

"కాదనలేదుగా! ఇంకేం?" అని విద్యుల్లత ఎక్కి కూర్చుంది. పక్షి ఎగిరింది. ఒక సముద్రం దాటింది, రెండు సముద్రాలు దాటింది. మూడో సముద్రం కనబడగానే కుడి తల వణికిపోయింది, దానితోపాటు కుడి రెక్క ముడుచుకుపోయింది. పక్షీ, పిల్లా, ఉడుమూ గిరికీలు కొడుతూ నీళ్ళలో పడ్డారు. అలల మీద తేలుతూ, ఈదుతూ, ఉప్పునీళ్ళు తాగుతూ బయల్దేరిన ఒడ్డుకే వచ్చి పడేసరికి రెండో పున్నమి కూడా వెళ్ళిపోయింది.

విద్యుల్లత ఇసకలో కూలబడి పిడికిళ్ళతో నేలని గుద్దింది. ఒక నెల పోయింది. ఎవరివల్ల? కుడి తలని తిడదామని నోరు తెరిచింది. అప్పుడు ఆమె చెవిలో తన గొంతే మళ్ళీ వినబడింది. కాదనేవాళ్ళున్నారా, లేరా, లేరు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. అచ్చం నాన్నగారిలాగే. తిట్లు మింగడం ఆమెకి అలవాటు లేదు. అయినా మింగింది.

"నీ మాటేమిటి?" అని కుడి తలని అడిగింది.

పన్నెండేళ్ళలో తనని ఎవరూ ఆ మాట అడగలేదు. కుడి తల కొంచెంసేపు నమ్మలేదు. తర్వాత ఇటు తిరిగి తన కుడి కన్ను చూపించింది. ఆ కన్ను లేదు. "తూర్పు దారిలో మూడో సముద్రం మీద ఉప్పుగాలి వీస్తుంది. పోయినసారి ఇది పోయింది. ఉన్న ఒక్కటీ పోతే నాకు చీకటే. అందుకే దక్షిణం అన్నాను."

"ఆ ముక్క నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది ఎడమ తల నివ్వెరపోయి.

"నువ్వు అరుస్తుంటే ఎక్కడ చెప్పేది?"

"మరి నువ్వెందుకు దక్షిణం వద్దంటావు?" అని విద్యుల్లత ఎడమ తలని అడిగింది.

"దక్షిణపు సముద్రంలో చేపల్లేవు. సగం దారిలో ఆకలికి సొమ్మసిల్లి పడతాం. నాకు చావంటే భయం."

అంతే సంగతి. ఒకరిది కంటి భయం, ఒకరిది కడుపు భయం. పన్నెండేళ్ళు తూర్పనీ దక్షిణమనీ పోట్లాడుకున్నారు గానీ ఈ రెండు భయాలూ ఒకదానికొకటి అడ్డమే కాదు. దక్షిణపు దారినే పోదాం, చేపలు ఇక్కడే పట్టి మూటకట్టుకుని పోదాం అంది ఉడుము. రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. విద్యుల్లత తొందరపడలేదు. ఎడమ తలని అడిగింది. సరేనంది. కుడి తలని అడిగింది. సరేనంది. ఉడుముని అడిగింది. "ఊఁ," అంది ఉడుము, మొదటిసారిగా. ఆ ముగ్గురూ సరేననేసరికి ఒక పూట పట్టింది. ఏడు సముద్రాలు దాటేసరికి పద్నాలుగు రోజులు పట్టింది. ఒక్కసారైనా రెక్క తడబడలేదు.

ధూమకేశుడి కోట చేరేసరికి మూడో పున్నమి పొద్దు పొడుస్తోంది. ఉడుము నడుముకి తాడు కట్టి గోడ ఎక్కించి, ఆ తాడు పట్టుకుని విద్యుల్లత లోపలి తోటలోకి దిగింది. తోటలో తొంభైతొమ్మిది బంగారు బొమ్మలు. అన్నీ నవ్వుతున్నాయి. వాటి నడుమ, రాతి తిన్నె మీద హేమలత కూర్చుని ఉంది.

"అక్కా! పద పోదాం!"

హేమలత నవ్వలేదు. లేవలేదు. "కోట దాటి ఒక్క అడుగు వేసినా నేను బొమ్మనైపోతాను. వాడు చస్తేనే నాకు విడుదల. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట. కోట వెనక ఏడు తాటిచెట్ల నడుమ పంజరంలో ఉందట. వాడే గొప్పగా చెప్పాడు."

"ఆ రోజు ఎందుకు నవ్వావక్కా?"

"నవ్వకపోతే ఏడుపొచ్చేది. నేనేడిస్తే నాన్నగారు తల పట్టుకునేవారు." హేమలత చెల్లెలి కళ్ళలోకి సూటిగా చూసింది. "నన్ను తీసుకుపోవడానికి వచ్చావు, సంతోషం. కానీ ఆ రోజు నువ్వూ అక్కడే ఉన్నావే. ఊరంతా నోరు మూసుకున్నా నా చెల్లెలు మూసుకోదనుకున్నాను. మూడో గంట మోగేదాకా నీ వైపే చూస్తూ కూర్చున్నాను. నువ్వు పెదవి కొరుక్కుంటూ కూర్చున్నావు."

విద్యుల్లతకి తల వాలిపోయింది. నాన్న బతిమాలాడని చెప్పొచ్చు. చెప్పలేదు. "తప్పు నాదే అక్కా," అంది. కళ్ళు తుడుచుకుని, "వాడు ఇవాళా గంట కొడతాడా?" అని అడిగింది.

"కొడతాడు. మూడుసార్లు అడగాలి. వాడి మంత్రానికి అది కావాలి. ఈ బొమ్మల్లో ఒక్కరూ కాదనలేదట. కాదంటే కత్తి దూస్తాడని అందరికీ భయం."

"నీ మాటేమిటి అక్కా?"

హేమలత బంగారు బొమ్మల వైపు చూసింది. జవాబు అక్కే చెప్పాలని విద్యుల్లత తను అందివ్వలేదు, ఉడుముతో కలిసి కోట వెనక్కి వెళ్ళింది.

ఏడు తాటిచెట్ల నడుమ పంజరం వేలాడుతోంది. దానికి తలుపే లేదు. లోపల ఒక ముసలి చిలక. కింద వందల బండరాళ్ళు. ఒక్కో రాతి పక్కనా తుప్పు పట్టిన కత్తి. విద్యుల్లత చిలక మెడ పట్టుకుందామని చెయ్యి చాపింది.

"వద్దు," అంది ఉడుము.

చాపిన చెయ్యి చాపినట్టే ఆగిపోయింది. ఒంట్లో రక్తం ఉడుకుతోంది. ఇవాళే పున్నమి. కోటలో అప్పుడే పెళ్ళి బాజాలు మొదలయ్యాయి. పళ్ళు పటపటా కొరుక్కుంది. "ఎందుకు వద్దు?" అని అడిగింది.

"ఈ రాళ్ళన్నీ అలా చెయ్యి చాపినవాళ్ళే," అంది ఉడుము.

విద్యుల్లత చెయ్యి వెనక్కి తీసుకుని పంజరం ఎదురుగా కూర్చుంది. "చిలకా, నీ మాటేమిటి?" అంది.

చిలక తల తిప్పి ఆమెని పరీక్షగా చూసింది. దాని గొంతు తుప్పుపట్టిన గొళ్ళెంలా పలికింది. "మూడువందల ఏళ్ళు! మూడువందల ఏళ్ళలో ఎందరు రాకుమారులు వచ్చారో! అందరూ నా మెడ గురించి మాట్లాడారు. నాతో ఒక్కడూ మాట్లాడలేదు. పిల్లప్పుడు ఆ దుర్మార్గుడు నా నోరు తెరిచి నేరేడు గింజంత ప్రాణాన్ని కుక్కాడు. వాడూ నన్నడగలేదు. వాడికి నేను పెట్టెని. మీకు నేను మెడని. నేను చిలకనని ఎవడికైనా గుర్తుందా?"

"నీకు కోపంగా ఉందా?"

"ఉండదా మరి!"

"ఉండాలి," అంది విద్యుల్లత. కోపమంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

చిలక కొంచెం దగ్గరికి జరిగింది. "దాన్ని ఉమ్మేయగలను. ఉమ్మేస్తే నేను బతుకుతానా?"

"తెలియదు."

"బతుకుతావని చెప్పొచ్చుగా? మీ అక్క ప్రాణం కదా!"

"చెప్పొచ్చు. తర్వాత నువ్వు చచ్చిపోతే, మా నాన్న మా అక్కని పంపినట్టే నేను నిన్ను పంపినట్టు."

చిలక ఉడుము వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

"నేనైతే భయపడతాను," అంది ఉడుము.

"నువ్వు ఎవరి వైపు?" అని విద్యుల్లత దాని మీద మండిపడింది.

"మీ అక్క బతకాలి, ఈ చిలకా బతకాలి. ఒకటి చెప్పి రెండోది దాచనా?" అని ఉడుము చిలక వైపు తిరిగింది. "నీకు అసలు భయం ఎక్కడ?"

చిలక చాలాసేపు రెక్క గోక్కుంది. "మూడువందల ఏళ్ళుగా నేనొక గింజ తినలేదు, చుక్క నీరు తాగలేదు. వాడి ప్రాణమే నన్ను మోస్తోంది. అది పోయాక లోపల నాదంటూ ఏమైనా ఉందో లేదో! అదీ నా భయం."

విద్యుల్లతకి అప్పుడు తోచింది. మూట విప్పింది. అడుగున గుప్పెడు అటుకులు మిగిలాయి. పంజరం ఊచల మధ్య నాలుగు పెట్టింది. "తిని చూడు. ఆకలేస్తే ఆ ఆకలి నీదే. వాడిది కాదు."

చిలక ముక్కుతో ఒక అటుకు తీసుకుంది. నమిలింది. కళ్ళు మూసుకుంది. ఇంకొకటి తీసుకుంది. నాలుగూ అయిపోగానే, "ఇంకా ఉన్నాయా?" అంది. గుప్పెడూ తినేసింది. "ఆకలేస్తోంది," అంది ఆశ్చర్యంగా. "నాకు ఆకలేస్తోంది!"

"మరి ఉమ్ముతావా?"

"ఆలోచించుకోవాలి. పొద్దు వాలేదాకా నన్ను తొందరపెట్టకు."

పొద్దు వాలేదాకా! చంద్రుడు పైకి వస్తే అక్క బొమ్మైపోతుంది. విద్యుల్లత కొంగున ఉన్న కంచు నాలుకని అరచేతిలో పట్టుకుని బిగించింది. చేతిలో దాని అచ్చు పడేదాకా బిగించింది. కానీ నోరు విప్పలేదు. ఒక జాము గడిచింది, రెండు జాములు గడిచాయి. పొద్దు తాటిచెట్ల కిందికి దిగింది. కోటలోంచి ధూమకేశుడి గొంతు వినబడింది.

"ఈ పెళ్ళి కాదనేవాళ్ళున్నారా?" ఠంగ్.

ఎవరూ పలకలేదు. చిలక రెక్కలు ముడుచుకుంది.

"ఈ పెళ్ళి కాదనేవాళ్ళున్నారా?" ఠంగ్.

ఎవరూ పలకలేదు. విద్యుల్లత కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కోపపు నీళ్ళు.

"ఈ పెళ్ళి కాదనేవాళ్ళు..."

"నేనున్నాను!" హేమలత గొంతు. పుట్టిననాటి నుంచి మెత్తగా తప్ప పలకని గొంతు కోట గోడలకి తగిలి మోగింది. "నాకిష్టం లేదు! ఆ రోజూ లేదు! ఇవాళా లేదు! నన్నెవరూ అడగలేదు!"

కోటలో ఒక్కసారి బాజాలు ఆగిపోయాయి. తర్వాత ధూమకేశుడి బొబ్బ, ఒరలోంచి కత్తి దూసిన చప్పుడు. చిలక నిటారుగా లేచి నిలబడింది. "ఆ పిల్ల తన మాట తను చెప్పుకుంది. నా మాటా ఇదిగో!" అని ఊచల్లోంచి మెడ చాచి, నేరేడు గింజంత నల్లటి ప్రాణాన్ని విద్యుల్లత కాళ్ళ ముందు ఉమ్మేసింది. విద్యుల్లత కంచు నాలుక ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. మూడు నెలలుగా దాచుకున్న కోపమంతా ఆ ఒక్క దెబ్బలో ఉంది. గింజ పొడిపొడి అయింది. కోటలో ధూమకేశుడు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే బూడిదై రాలాడు.

రాళ్ళు రాకుమారులయ్యాయి. బొమ్మలు ఆడపిల్లలయ్యాయి. వాళ్ళంతా మాంత్రికుడి గంటని కాళ్ళతో తన్ని సముద్రంలో పారేసి, వాడి ఓడలెక్కి ఎవరి దేశాలకి వాళ్ళు వెళ్ళారు. ఊచలు ఊడిపోయిన పంజరంలోంచి చిలక బయటికొచ్చి, ఇంకేమైనా తినడానికి ఉందా అని అడిగింది. మూట మీది ఉడుము చూస్తూ చూస్తూ ఉండగానే ఒక యువకుడైంది. అతని పేరు అచలుడు, నల్లగుట్ట దేశపు రాకుమారుడు. వాళ్ళ కొలువుకి ధూమకేశుడు వచ్చినప్పుడు అందరిలో అతనొక్కడే లేచి వద్దన్నాడట. ఆ కక్షతో వాడతన్ని ఉడుముని చేశాడు. విద్యుల్లతకి అప్పుడు గానీ అర్థం కాలేదు, ఆ వద్దు అనే అలవాటు ఎక్కడిదో.

గండభేరుండం మీద అందరూ మొగలిదుర్గం చేరారు. సౌమ్యసేనుడు పెద్ద కూతుర్ని కావలించుకుని భోరుమన్నాడు. కన్నీళ్ళు తుడుచుకుని ఏం చేశాడనుకుంటున్నారు? "శుభం! ఈ అచలుడికి మా హేమలతనిచ్చి రేపే పెళ్ళి! అందరికీ ఇష్టమేగా!" అని గంట తాడు లాగాడు!

గంట పలకలేదు. దానికి నాలుక లేదు కదా. కొలువులో ఆ చప్పుడు లేకపోవడం అందరికీ వినబడింది.

"ఒక్కొక్కరినీ అడగండి నాన్నగారూ," అంది విద్యుల్లత. గొంతు పెంచలేదు. పెంచిన దానికంటే భయంగా ఉంది.

సౌమ్యసేనుడి చేతులు తల దాకా వెళ్ళాయి. మధ్యలో ఆగాయి. మెల్లిగా దించుకుని పెద్ద కూతురి ముందుకి వచ్చాడు. "నీ మాటేమిటి తల్లీ?" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి చెమటలు పట్టాయి.

"నాకు పెళ్ళి వద్దు. మీ మీద కోపంగా ఉంది. ఎప్పటికి పోతుందో తెలియదు," అంది హేమలత.

"సరే తల్లీ," అన్నాడు రాజు. తల పట్టుకోలేదు. అక్కడే నిలబడి పొద్దు వాలేదాకా కూతురి తిట్లన్నీ విన్నాడు.

మాంత్రికుడు పోవడంతో వాడి వానా పోయింది. నీళ్ళకేం చెయ్యాలి? కొండవాగు మళ్ళించి కాలువ తవ్వాలని ఒకరన్నారు. తొమ్మిది రోజులు వాదించుకున్నారు. ఒక ముసలావిడ ఎనిమిది రోజులు కాదంది. తొమ్మిదో రోజున ఎవరో ఆమెని ఎందుకని అడిగితే, తన పొలం మునుగుతుందని చెప్పింది. వెళ్ళి చూస్తే ఆమె పొలమే కాదు, ఇరవై పొలాలు మునిగేవి. కాలువని మళ్ళించి గీశారు. అప్పుడు హేమలత తన చేత్తో గంటకి నాలుక తిరిగి కట్టింది, ఆ ముసలావిడ మూడో గంట కొట్టింది. తవ్వడానికి ఒక్కరినీ బలవంతపెట్టాల్సిన పని లేకపోయింది. ఊరు ఊరంతా పలుగూ పారా పట్టుకొచ్చింది.

కాలువలో నీళ్ళు పారిన ఏడాది అచలుడు విద్యుల్లతని పెళ్ళాడతానన్నాడు. ఆమె మూడు నెలలు ఆలోచించుకుని ఊఁ అంది. హేమలత కోపం అప్పటికి తగ్గింది, పూర్తిగా పోలేదు. అయినా చెల్లెలి పెళ్ళికి ముత్యాల తలంబ్రాలు తనే కలిపింది. చిలకకి వెండిపళ్ళెంలో అటుకులు పెట్టారు. గండభేరుండం రెండు తలలకీ రెండు విస్తళ్ళు వేశారు. సౌమ్యసేనుడి తర్వాత ముగ్గురక్కచెల్లెళ్ళూ కలిసి ఆ రాజ్యాన్ని అరవై ఏళ్ళు ఏలారు. పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట, పొద్దు వాలాక ఒక గంట. మూడో గంట కొట్టే తాడు మాత్రం గద్దె మీద ఉన్నవాళ్ళ చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. అందరికంటే ఆఖరున ఒప్పుకున్నవాళ్ళ చేతికే ఇచ్చేవాళ్ళు.

కథ అయిపోయింది. నచ్చిందా? ఊరికే తల ఊపకండి. పక్కవాళ్ళ మొహం చూడకండి. నీ మాటేమిటో నువ్వు చెప్పు.